కాపీ కొట్టకుండా, గడువు దాటకుండా ప్రాజెక్టు ఫైలు ఎలా ఇవ్వాలి?

పోయినేడు నా బల్ల మీదికి వచ్చిన ప్రాజెక్టు ఫైళ్లలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. దుత్తలూరు మండలంలోని ఒక మెట్ట ఊరి మీద రాసింది. రెండో పేజీలోనే ఆ ఊరివాళ్లు కాలువ నీటితో ఏటా రెండు కార్లు వరి పండిస్తారనీ, గట్ల వెంబడి కొబ్బరి తోటలున్నాయనీ ఉంది. ఆ ఊరికి కాలువ లేదు. వాన పడితే ఏదో ఒక మెట్టపైరు వేస్తారు, పడకపోతే మూటా ముల్లే సర్దుకుని పనికోసం ఊళ్లు పట్టుకుపోతారు. ఆ ఫైలు ఇచ్చిన పిల్లవాడు పుట్టింది ఆ ఊళ్లోనే. పిలిచి అడిగితే తల వంచుకుని ఒకటే మాట చెప్పాడు: "నిన్న రాత్రి మొదలుపెట్టినా సార్."

ఎవరో గోదావరి జిల్లా విద్యార్థి రాసిన ఫైలు అతని ఫోన్‌లోకి వచ్చింది. ఊరి పేరు మార్చి, మిగతాదంతా దించేశాడు.

నేను చూసిన కాపీల్లో చాలావరకు దొంగబుద్ధితో చేసినవి కావు, గడువు ముందురాత్రి చేసినవి. అందుకే ఎలా రాయాలో చెప్పే ముందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతాను. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో డిగ్రీలో కొత్తగా చేరిన పిల్లలను, అందులోనూ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అలాంటి పిల్లలకు ఇంట్లో చెప్పేవాళ్లుండరు. సీనియర్లు చెప్పేది సగం నిజం, సగం పుకారు.

మొదటి పని: రూలు ఎక్కడుందో చూడండి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలి. అందరూ సీఎస్‌పీ అంటారు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెట్టిన ఈ పని 180 గంటలది, నాలుగు క్రెడిట్లు. దీనికి ప్రోగ్రామ్ బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. మన పిల్లలు దాన్ని నింపడానికి తెరుస్తారు తప్ప చదవడానికి తెరవరు. మార్కులు ఎలా పడతాయో అందులోనే ఉంటుంది. లాగ్‌బుక్‌కు 20, ఊళ్లో చేసిన పనికి 30, నివేదికకు 25, నోటితో వివరించి చెప్పినందుకు 25. మీ బ్యాచ్ పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఇది తెలిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. వేరేవాళ్ల నివేదిక దించి ఇచ్చినా, దానితో దక్కేది నూటికి 25 లోపే. ఆ 25 కోసం మిగతా 75 కూడా అనుమానంలో పడతాయి.

తారీకులు మూడు చోట్ల ఉంటాయి. యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండరు ఒకటి. మన జిల్లా డిగ్రీ కాలేజీలకు అది 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి యూనివర్సిటీ ఇచ్చేది. ఇంజనీరింగ్ పిల్లలకు అనంతపురం జేఎన్‌టీయూ. రెండోది కాలేజీ నోటీసు బోర్డు. మూడోది మీ మెంటార్, అంటే మీ ప్రాజెక్టు చూసే మాస్టరు, క్లాసులో చెప్పిన తారీకు. ఈ మూడూ ఒకటి కాకపోవచ్చు. అన్నిటికంటే ముందు వచ్చేదే మీ గడువు. వాట్సాప్ గ్రూపులో "డేట్ పొడిగించారంట" అని వచ్చిన మెసేజీ గడువు కాదు. దాన్ని నమ్మి చెడిపోయిన పిల్లలను చూశాను. నోటీసు కళ్లతో చూసి, ఫొటో తీసి పెట్టుకోండి.

కాపీకి సంబంధించిన పెద్ద రూలు ఢిల్లీ నుంచి వచ్చింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 జులైలో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాదిపాటు మళ్లీ ఇచ్చే వీలుండదు. అరవై దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దు. సరిగ్గా పేరు చెప్పి ఎత్తిరాసినవి, చివర ఇచ్చే పుస్తకాల జాబితా, విషయసూచిక, చట్టాల పేర్లు, సూత్రాలు, వరుసగా పద్నాలుగు మాటల లోపు కాకతాళీయంగా కలిసినవి ఈ లెక్కలోకి రావు.

ఇక్కడ ఒక పొరపాటు కాలేజీల్లో బాగా తిరుగుతోంది. "పది శాతం దాకా కాపీ కొట్టొచ్చంట సార్" అని పిల్లలు నన్నే అడిగారు. ఆ శాతాలు పీజీ, పరిశోధన డిగ్రీల కోసం ఇచ్చే సిద్ధాంత గ్రంథాలకు, అచ్చయ్యే పరిశోధన పత్రాలకు. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు అందులోకి రావని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అంటే డిగ్రీ పిల్లలకు పది శాతం మినహాయింపు అనేదే లేదు. మీ ఫైలును తూచేది మీ కాలేజీ, మీ మెంటార్. ఒక్క పేరా ఎత్తిరాసినా ఫైలు వెనక్కి ఇచ్చేయవచ్చు.

రెండో పని: గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

180 గంటలను పుస్తకమే పంచి ఇచ్చింది. ఊరి ప్రాథమిక సర్వేకు 20, అవగాహన కార్యక్రమాలకు 20, ఊళ్లోవాళ్లతో కలిసి చేసే అసలు పనికి 120, చివరి నివేదికకు 20. రోజుకు ఐదు గంటలు వేసుకుంటే 36 రోజులు. ఆదివారాలు తీసేస్తే సరిగ్గా ఆరు వారాలు. దానికి ఒక వారం కలపండి. ఆ వారం జ్వరానికి, పెళ్లికి, కరెంటు కోతకు, ప్రింటరు చెడిపోయినదానికి. ఫైలు జూన్ 20న ఇవ్వాలంటే మే 2న మొదలుపెట్టాలి, జూన్ 13కు ముగించాలి. మీ సొంత గడువు జూన్ 13. ఆ తారీకు ఇంట్లో క్యాలెండరు మీద ఎర్రగా చుట్టండి, అమ్మకు కూడా చెప్పండి.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. మేలో ఉదయగిరి కొండ కింద పదకొండు దాటాక ఇల్లిల్లూ తిరగడం ఎవరివల్లా కాదు. పొద్దున్నే వెళ్దామంటే చాలామంది కరువు పనికి వెళ్లి ఉంటారు. మా పిల్లలకు కుదిరిన సమయం సాయంత్రం ఐదున్నర తర్వాత. రోజుకు ఐదు ఇళ్లకు మించవద్దని చెబుతాను. పది ఇళ్లు తిరిగితే చివరి ఐదింట్లో ఏం విన్నామో గుర్తుండదు. పగటి పూట గ్రామ సచివాలయానికి, అంగన్‌వాడీకి, బడికి పెట్టుకోండి. సచివాలయంలో అంకెలు అడిగితే ఎవరు ఇచ్చారు, ఏ హోదా, ఏ తారీకు అనేది అక్కడే రాసుకోండి. రేపు మీ ఫైలుకు ఆధారం అదే.

మూడో పని: ఏ రోజు లాగ్‌బుక్ ఆ రోజే

లాగ్‌బుక్ చివర్లో ఒక్క కూర్చోవడంలో నింపితే తెలిసిపోతుంది. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, నలభై రోజులూ "గ్రామాన్ని సందర్శించితిమి". ఆ వాక్యానికి మార్కు వేయడానికి నా చేయి రాదు. "ఈరోజు ఎస్సీ కాలనీలో నాలుగిళ్లు. రెండింటికి తాళం. బోరు నీళ్లు తాగలేక క్యాన్ కొంటున్నామని చెప్పారు, క్యాన్ ఎంతో అడగడం మర్చిపోయాను, రేపు అడగాలి" అని రాసిన పిల్ల నిజంగా వెళ్లిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. తప్పులు, తాళాలు, మర్చిపోయినవి అన్నీ రాయండి. వారానికి ఒకసారి మెంటార్ సంతకం తీసుకోండి. నెల తర్వాత ఒకేసారి తెస్తే ఆయనకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

నాలుగో పని: మీ మాటల్లో రాయడం

అసలు కష్టం ఇక్కడే. ఎందుకంటే పదో తరగతి దాకా మనం నేర్చుకున్నది గైడులో ఉన్నది ఉన్నట్టు రాయడం. అలా రాసినందుకు మార్కులు వేసి, మెచ్చుకుని, కాలేజీకి రాగానే అదే తప్పంటే పిల్లలకు అయోమయంగా ఉంటుంది. ఆ తప్పు పిల్లలది కాదు. కాబట్టి ఒక ఉదాహరణతో నిదానంగా చెబుతాను.

ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మీకు తెలుసు. భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ. చాలామంది పిల్లలు సీఎస్‌పీకి అదే తీసుకుంటారు. ఏదో ఒక పుస్తకంలో ఈ వాక్యం ఉందనుకోండి. ఇది నేను కల్పించిందే:

"దుర్గం కింది ఊళ్లలో గరిటెల పనిని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. అడవి నుంచి కర్ర తేవడం మగవాళ్ల వంతు, చెక్కి నునుపు పట్టడం ఆడవాళ్ల వంతు."

దీన్ని ఉన్నదున్నట్టు మీ ఫైల్లో దించితే కాపీ. అది అందరికీ తెలుసు.

"కోట దిగువ గ్రామాల్లో గరిటెల తయారీని కుటుంబమంతా పంచుకుంటుంది. అరణ్యం నుంచి కలప తెచ్చేది పురుషులు, చెక్కి నున్నగా చేసేది స్త్రీలు." ఇదీ కాపీయే. దుర్గాన్ని కోట చేసి, కర్రను కలప చేశారంతే. ఆలోచనా, వరుసా, వాక్యం నడకా అవతలివాళ్లవే. ఇది కాపీ కాదని నిజాయితీగా నమ్మేవాళ్లే ఎక్కువ.

ఇంగ్లీషు వ్యాసాన్ని ఫోన్‌లో తెలుగు చేయించి పెట్టడం మూడో రకం. భాష మారితే సొంతదారు మారడు. పైగా ఆ తెలుగు చదవగానే తెలిసిపోతుంది.

సరైనది ఇలా ఉంటుంది: "గరిటెల పనిలో ఆడవాళ్ల వంతు, మగవాళ్ల వంతు విడివిడిగా ఉన్నాయని ఫలానా రచయిత రాశారు. మా వీధిలో నేను చూసిన ఆరిళ్లలో నాలుగింట అలా లేదు. మగవాళ్లు బయటి ఊళ్లకు పనికి వెళ్లడంతో కర్ర కొనుక్కుని రావడం కూడా ఆడవాళ్లే చూసుకుంటున్నారు." ఇందులో మొదటి వాక్యం పుస్తకానిది, పేరు చెప్పారు. మిగతా రెండూ మీవి. పుస్తకం చెప్పిందీ, మీరు చూసిందీ పక్కపక్కన పెట్టారు. రచయిత చెప్పింది మీ వీధిలో కుదరలేదని మీరు కనిపెట్టారు. మొదటి సంవత్సరం పిల్ల చేసినా అది పరిశోధనే.

ఇలా రాయడానికి నేను చెప్పే పద్ధతి చాలా తేలిక. పుస్తకం చదవండి. మూసేయండి. పక్క గదిలోకి వెళ్లండి. అందులో ఏముందో మీ అవ్వకో చెల్లెలికో చెప్పండి. చెప్పిన మాటలే కాగితం మీద పెట్టండి. తర్వాత పుస్తకం తెరిచి అంకెలు, పేర్లు, ఏళ్లు తప్పు పోలేదు కదా అని చూసుకోండి. పుస్తకం ఎదురుగా తెరిచిపెట్టుకుని సొంతమాటల్లో రాయాలంటే నావల్లే కాదు, మీవల్ల ఎలా అవుతుంది?

రచయిత మాటలే కావాలనిపిస్తే ఆ వాక్యం చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టి, రచయిత పేరు, పుస్తకం, సంవత్సరం, పేజీ రాయండి. అది దొంగతనం కాదు, మర్యాద. కానీ ఫైలంతా కొటేషన్లతో నింపితే మీరెక్కడున్నారో కనపడదు.

కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచాడని రాయడానికి పేరు చెప్పాలా? అందరికీ తెలిసిన సంగతికి అక్కర్లేదు. ముట్టడి ఎలా సాగింది, ఏ దారిలో కొండెక్కారు అని వివరాలు రాస్తే మాత్రం ఎక్కడ చదివారో చెప్పాలి.

నోటితో విన్నదానికి కూడా ఆధారం చెప్పాలి. ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పరు. గరిటెలు చెక్కే ఆమె గంటసేపు కూర్చుని ఏ కర్ర ఎందుకు పనికొస్తుందో, పచ్చిగా ఉన్నప్పుడు చెక్కాలో ఎండాక చెక్కాలో చెబితే ఆ జ్ఞానం ఆమెది. "చెక్క పని చేసే 55 ఏళ్ల మహిళ, ఉదయగిరి, మే 14న మాట్లాడినప్పుడు" అని రాయండి. పేరు రాయాలంటే ముందు ఆమెను అడగండి. "అమ్మా, మీ పేరు నా ఫైల్లో రాయొచ్చా?" అంటే చాలు. చదువుకున్నవాడి వాక్యానికి పేరు చెప్పి, చదువురాని ఆమె మాటను మన మాటగా రాసేసుకోవడం ఎంతమాత్రం న్యాయం కాదు.

ఇద్దరు కలిసి సర్వే చేస్తే అంకెలు ఒకటే ఉండవచ్చు. కలిసి చేశామని ఇద్దరూ రాయండి. నివేదిక మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. మీ ఫైలు స్నేహితుడికి ఇచ్చి అతను దించితే, ఇచ్చినవాళ్లకూ ఇబ్బందే. ఎవరిది ముందో మాస్టరుకు ఎలా తెలుస్తుంది? సాయం చేయాలనుకుంటే ఫైలు ఇవ్వకండి, అతనితో పాటు ఒక సాయంత్రం ఊళ్లో తిరగండి.

చాట్‌జీపీటీ సంగతి

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. యూజీసీ నిబంధనలు అంతకు నాలుగేళ్ల ముందువి. కాబట్టి మీ కాలేజీ ఏమంటుందో మెంటార్‌ను నేరుగా అడిగి తెలుసుకోండి. నా మాట మాత్రం ఇది: ప్రశ్నావళిలో ఏం అడగాలో ఆలోచన చెప్పించుకోవచ్చు, అర్థంకాని ఇంగ్లీషు పేరా వివరించమనవచ్చు, అలా వాడుకున్నానని ఫైల్లో ఒక వాక్యం రాయాలి. నివేదిక రాయించుకోకూడదు. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు కుళాయి ఉందో దానికి తెలియదు. తెలియకపోయినా ఒక అంకె చెబుతుంది. ఆ అంకె మీద మీ సంతకం ఉంటుంది. 25 మార్కుల మౌఖికంలో "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగితే నిలబడాల్సింది మీరు.

గడువు దాటేలా ఉంటే

దాటాక కాదు, దాటకముందే చెప్పండి. మన పిల్లలకు పెద్దవాళ్లను అడగాలంటే భయం. ముఖం చాటేస్తారు, ఫోన్ ఎత్తరు, వారం తర్వాత తండ్రిని వెంటబెట్టుకుని వస్తారు. అంత దూరం అక్కర్లేదు. చిన్న ఉత్తరం చాలు:

"గౌరవనీయులైన మెంటార్ గారికి, నేను బీఏ మొదటి సంవత్సరం విద్యార్థినిని. హాల్ టికెట్ నంబరు ఇది. నా ప్రాజెక్టు ఫైలు జూన్ 20న ఇవ్వాలి. 8వ తేదీ నుంచి 13 దాకా జ్వరంతో ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నాను. సర్వే, లాగ్‌బుక్ పూర్తయ్యాయి, నివేదికలో చివరి భాగం మిగిలింది. 24వ తేదీ సాయంత్రానికి ఇవ్వగలను. ఆసుపత్రి చీటీ జత చేశాను. అనుమతించ ప్రార్థన."

ఇందులో కారణం ఉంది, రుజువు ఉంది, ఎంత పని అయిందో ఉంది, కొత్త తారీకు ఉంది. చాలామంది మర్చిపోయేది ఆ కొత్త తారీకే. "కొంచెం టైమ్ ఇవ్వండి సార్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. అనుమతి ఇస్తే రాతపూర్వకంగా తీసుకోండి. మెంటార్ పొడిగించగలిగేది కాలేజీ లోపలి గడువే. యూనివర్సిటీకి మార్కులు పంపే తారీకు ఆయన చేతిలో ఉండదు. అది దాటితే మరో అవకాశం దాకా ఆగాల్సి వస్తుంది.

అనుమతి దొరక్కపోయినా ఉన్నంతవరకు గడువులోపలే ఇవ్వండి. సగం నిజమైన ఫైలుకు సగం మార్కులైనా వస్తాయి. కాపీ ఫైలుకు రావు. ఈ ఒక్క మాట ఆ దుత్తలూరు పిల్లవాడికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

దూరవిద్యలో చదివేవాళ్లకు గడువు వేరేగా ఉంటుంది. ఇగ్నోలో జూన్ పరీక్షలకు, డిసెంబరు పరీక్షలకు అసైన్‌మెంట్ల గడువులు వేరువేరు. వాటి తారీకులు ఇగ్నో వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. మన ప్రాంతం నుంచి బ్రిటన్ వెళ్లే పిల్లలు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అక్కడ కొన్ని యూనివర్సిటీల్లో ఆలస్యమైన ప్రతి రోజుకూ ఐదు శాతం చొప్పున కోస్తారు. బతిమాలితే వినే మనిషి ఉండడు, గడియారం కంప్యూటరుది.

పీజీ, పీహెచ్‌డీ వైపు వెళ్లేవాళ్లకు

అక్కడికి వెళ్తే పైన చెప్పిన శాతాలు నిజంగానే మీకు వర్తిస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించామని హామీ పత్రం ఇవ్వాలి, గైడు కూడా సంతకం పెట్టాలి. పీహెచ్‌డీకి 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. మళ్లీ రిజిస్టరైతే ఇంకో రెండేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. కోర్సువర్క్‌లో 55 శాతం రావాలి. సాఫ్ట్‌వేర్ చూపే అంకె తీర్పు కాదు, ఎక్కడ చూడాలో చూపే వేలు మాత్రమే. రంగు వేసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది నాదా, పేరు చెప్పానా అని మీరే చూసుకోవాలి. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఇది వదిలిపెట్టదు. జర్మనీ రక్షణ మంత్రి గుట్టెన్‌బర్గ్ డాక్టరేట్ గ్రంథంలో ఎత్తిరాతలు బయటపడి, 2011లో డాక్టరేట్ పోయింది, మంత్రి పదవీ వదులుకోవాల్సి వచ్చింది.

ఇచ్చే రోజు

ఫైలు ఇవ్వడానికి ముందు మొత్తం ఒకసారి బయటికి చదవండి. మీరు చెప్పని మాట ఏదైనా ఉంటే నాలుక దగ్గర తట్టుకుంటుంది. ప్రింటు గడువు రోజు పొద్దున పెట్టుకోకండి. ఆ రోజు ఆత్మకూరులో ప్రతి జిరాక్స్ షాపు ముందూ మీలాంటివాళ్లే నిలబడి ఉంటారు. ముందురోజే తీయించండి. డిక్లరేషన్ పేజీలో "ఇది నా సొంత పని" అని ఉంటుంది. చదివి సంతకం పెట్టండి. జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ ఫైలు దొరుకుతుందని ఎవరైనా చెబితే వద్దనండి. అదే ఫైలు ఆ రోజు ఇంకెంతమంది కొన్నారో మీకు తెలియదు.

మొత్తం ఫైలును ఫోన్‌లో పేజీ పేజీ ఫొటో తీసి ఉంచుకోండి. ఫైలు తీసుకున్నవారి సంతకం, తారీకు ఒక కాగితం మీద తీసుకోండి. ఆ కాగితాన్ని మార్కుల మెమో చేతికొచ్చేదాకా పారేయకండి.